అడగకుండా కప్పిన శాలువా

నర్సంపేట రోడ్డు మీద, ఊరి ఇళ్లు అయిపోయి పత్తి చేలు మొదలయ్యే చోట ఒక చిన్న యూనివర్సిటీ ఉంది. పేరెందుకులెండి. పేరు బోర్డు పట్టనంత పెద్దది, యూనివర్సిటీ మాత్రం రెండు బిల్డింగులు, ఒక క్యాంటీను, బస్సులు నిలిపే రేకుల షెడ్డు. మొదటి బిల్డింగు రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమ చేతి పక్క, ఒకప్పుడు చిరిగిన వాలీబాల్ నెట్లూ విరిగిన కుర్చీలూ పడేసే గది ఉండేది. ఆరేళ్లుగా అదే వినోద మేడం ఆఫీసు. తలుపు మీద ‘సమాన అవకాశాల కేంద్రం’ అని రాసి ఉంటుంది. కేంద్రం అంటే ఏమిటనుకున్నారు? ఒక టేబులు, ఒక బీరువా, ఆమె, సగం రోజు పరీక్షల విభాగానికీ సగం రోజు ఈమెకూ పనిచేసే అటెండర్ యాకయ్య. అంతే కేంద్రం.

వినోద మేడం కామర్స్ లెక్చరర్. యాభై నాలుగేళ్లు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పైనుంచి తనిఖీ బృందం వస్తుందనీ, ఇట్లాంటి కేంద్రం ఒకటి లేకపోతే మార్కులు పోతాయనీ తెలిసిన రోజున రిజిస్ట్రార్ వెంకట్రాజం ఆమెను పిలిచి, "మీరెట్లాగు ఎవలకోసమో ఒకలకోసం లొల్లి పెడ్తనే ఉంటరు గద మేడం, గదేదో ఆర్డర్ మీదనే పెట్టుండ్రి," అని కాగితం చేతిలో పెట్టాడు. తనిఖీ బృందం వచ్చింది, టీ తాగింది, పోయింది. ఇక ఆ బోర్డు తీసేస్తారేమో అనుకుంటే ఈమె తీయనివ్వలేదు. ఇచ్చారు కదా పని, చేస్తాను అని కూర్చుంది.

చేసింది కూడా. రెండు కాళ్లూ సన్నబడ్డ ఒక కుర్రవాడు మెట్ల మీద చేతులతో పాకుతూ క్లాసుకు వస్తుంటే చూసి, ర్యాంపు కట్టేదాకా వెంకట్రాజం గది ముందు పొద్దున్నే కుర్చీ వేసుకొని కూర్చుంది, పదకొండు రోజులు. కళ్లు కనిపించని అమ్మాయికి పరీక్ష రాసిపెట్టే మనిషిని వెతికింది. అన్నిటికన్నా ముందు ఆపించింది మాత్రం ఒక పాడు అలవాటు. ప్రతి జూలైలో ఆఫీసు గుమాస్తా క్లాసులోకి వచ్చి, "స్కాలర్‌షిప్ పిల్లలంత లేసి నిలబడుండ్రి," అని లెక్క పెట్టుకొని పోయేవాడు. ఏమన్నా అంటే, లెక్క కోసమేగా అనేవాడు. ఆమె ఆ గుమాస్తాను కారిడార్లో నిలబెట్టి కడిగేసింది. "నీ బిడ్డను నలుగుట్ల గట్ల లేపితె నీకు మంచిగుంటదా? ఫోన్లు లేవా? మెసేజ్ పెట్టరాదు?" అంది. ఆ ఏడాది నుంచి మెసేజే. నలుగురిలో లేపి నిలబెట్టడం ఎంత తప్పో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఆ కాంపౌండులో లేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివరికి ఇదే మనల్ని ఏడిపిస్తుంది.

ఇంత పౌరుషం ఎక్కడిదంటే, దాని వెనుక ఒక టిఫిన్ డబ్బా ఉంది.

వినోద పుట్టింది వరంగల్ కొత్తవాడలో. తండ్రి సారంగపాణి జంపఖానాలు నేసేవాడు. మగ్గం గుంతలో కాళ్లు, చేతుల నిండా నూలు రంగు. ఆర్డర్లు లేని రోజుల్లో తను నేసినవి నాలుగైదు సైకిల్ వెనుక కట్టుకొని హన్మకొండ వీధుల్లో అమ్మేవాడు. వినోద డిగ్రీలో చేరింది. ఒకరోజు టిఫిన్ మరిచిపోయి కాలేజీకి పోయింది. మధ్యాహ్నం గేటు బయట తండ్రి సైకిల్ ఆపి, చెయ్యి ఊపుతున్నాడు. వెనుక జంపఖానాల మూట, చొక్కా మీద నీలం మరకలు. పక్కనున్న స్నేహితురాలు, మార్కెట్లో పెద్ద దుకాణం వాళ్ల పిల్ల, "ఎవలే ఆయన? నిన్నే పిలుస్తాండు," అంది.

"మా ఇంటి దిక్కుంటడు," అంది వినోద.

నాలుగడుగుల దూరంలో ఉన్నాడు సారంగపాణి. విన్నాడు. ఆయన ముఖంలో ఏమీ మారలేదు. టిఫిన్ డబ్బా తీసి, బిడ్డ చేతికిస్తూ, "అమ్మా, మీ నాయిన గీ టిఫిన్ ఇయ్యమన్నడు," అన్నాడు. సైకిలెక్కి పోయాడు. సాయంత్రం ఇంట్లో ఆ ఊసే లేదు. "అన్నం సరిపోయిందా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. ఆమెకు లెక్చరర్ ఉద్యోగం రాకముందే పోయాడు. ముప్పై అయిదేళ్లు గడిచినా ఆ ఒక్క వాక్యం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నలుగురి ముందు మైకు పట్టుకొని ఈయన మా నాయిన అని చెప్పే అవకాశం దొరికితే ఎంత బాగుండేది అని ఆమె అనుకోని ఏడాది లేదు.

ఇక సమ్మమ్మ సంగతి. సమ్మమ్మ రెండేళ్లుగా ఆ అంతస్తు ఊడ్చే మనిషి. నలభై దాటి ఉంటాయి. నర్సంపేట అవతలి ఊరు. భర్త లేడు. పొద్దున ఆరు గంటల బస్సుకు వచ్చి, నీలం కోటు తొడుక్కొని, బాత్రూములు కడిగి, గదులు ఊడ్చి, మధ్యాహ్నం కారిడార్ తుడిచేది. మాట తక్కువ. ‘సరే మేడం’, ‘అట్లనే మేడం’, ఇంకేం లేదు.

వినోద మేడం గది తలుపు తీసి ఉంచితే కారిడార్ చివరిదాకా కనిపిస్తుంది. ఆ చివర బీఎస్సీ మూడో సంవత్సరం క్లాసు. ఒంటిగంట బెల్లు కొట్టాక పిల్లలందరూ క్యాంటీనుకు పరుగెత్తేవాళ్లు. ఒక అమ్మాయి మాత్రం ఆఖర్న బయటికి వచ్చి, ఖాళీ నీళ్ల సీసా కిటికీ గట్టు మీద పెట్టి పోయేది. కాసేపటికి సమ్మమ్మ తుడుచుకుంటూ అక్కడికి వచ్చి, సీసా నింపుకొచ్చి అదే చోట పెట్టేది. పక్కన కాగితం పొట్లం ఒకటి. వేయించిన పల్లీలో, జామకాయ ముక్కలో, చలికాలమైతే ఒక సీతాఫలమో. అమ్మాయి తిరిగొచ్చి రెండూ తీసుకొని లోపలికి పోయేది. మాట లేదు, చూపు కూడా సరిగ్గా ఉండేది కాదు. నెల రోజులు చూసింది వినోద మేడం. ఏదో పాత పరిచయం కాబోలు అనుకుంది. ఒకరోజు ఆ అమ్మాయి నడుస్తూ ఎడమ భుజం కొద్దిగా వంచడం చూసి, అదే భుజం అట్లాగే వంచి బకెట్ మోస్తున్న సమ్మమ్మను చూసి, గబగబా వెళ్లి బీరువా తెరిచి, మూడో సంవత్సరం ఫైళ్లలో ఆ అమ్మాయి ఫొటో వెతికి పట్టుకుంది. సింధు. తల్లి పేరు సమ్మమ్మ. తల్లి వృత్తి అన్న చోట ‘కూలి’ అని ఉంది.

ఫైలు పట్టుకొని అట్లాగే కూర్చుండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ పిల్ల నాలాగే తల్లిని దాచుకుంటోంది, రేపు నాలాగే జీవితమంతా కుములుతుంది అనుకుంది. అట్లా కానివ్వను అనుకుంది. చూశారా, ఒక్క ఫైలు చూసి రెండు మనసులు చదివేసింది! అడగలేదు. సింధును పిలిచి ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది.

మార్చి ఎనిమిది దగ్గరికొస్తోంది. మన దగ్గర ఎవరినైనా గౌరవించాలంటే తెలిసింది ఒకటే కదా: ఫ్లెక్సీ కొట్టించడం, స్టేజి మీదికి పిలవడం, శాలువా కప్పడం. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న ఏడుగురు పిల్లల్ని ఎంచింది. వాళ్ల తల్లులకు మహిళా దినోత్సవం నాడు సన్మానం. యాకయ్యతో ఆరు ఇళ్లకు ఫోన్లు చేయించింది. ఆరుగురూ సంతోషంగా ఒప్పుకున్నారు. ఏడో మనిషికి ఫోనెందుకు? రోజూ కళ్ల ముందే ఉంటుంది.

"సమ్మమ్మా, నాకంత తెలిసింది. సింధు నీ బిడ్డనట గద," అంది.

సమ్మమ్మ చేతిలో చీపురు ఆగింది. "ఎవలు చెప్పిన్రు మేడం?"

"ఎవలు చెప్తేంది? నిన్ను స్టేజి మీదికి పిలుస్త. శాలువ కప్పుత. అందరి ముంగట నీ బిడ్డ నీ పక్కన నిలబడ్తది. నీకు ఇష్టమే గద?"

సమ్మమ్మ నేల వైపు చూసింది. "మీ ఇష్టం మేడం," అంది.

అయ్యో వినోద మేడం! కొత్తవాడలో పుట్టి పెరిగినదానివి, మన దగ్గర చిన్న కొలువులో ఉన్నవాళ్లు పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లతో ‘మీ ఇష్టం’ అన్నారంటే దానికి అర్థమేమిటో నీకు తెలియదా? ‘నాకు వద్దు’ అనే మాటకు వాళ్ల దగ్గర ఇంకో రూపం లేదు. మీ నాయిన మగ్గం దగ్గరికి వచ్చి షావుకారు బేరం తగ్గించినప్పుడల్లా ఆయన అన్నది ఈ మాటే కదా. కానీ ఆ రోజు ఆమె చెవులకు అది ఒప్పుకోలుగానే వినిపించింది. మరో రెండు రోజులకు సమ్మమ్మే గదిలోకి వచ్చి, "ఎనిమిదో తారీకు నాకు జర సెలవు కావాలె మేడం, దవాఖానకు పోవాలె," అంది. వినోద మేడం నవ్వింది. "సిగ్గు పడ్తానవా? ఏం ఫికర్ చెయ్యకు, నేనున్న," అని భుజం తట్టింది. సమ్మమ్మ మళ్లీ ‘సరే మేడం’ అంది.

సమ్మమ్మకు కట్టుకోవడానికి ముదురు ఆకుపచ్చ చీర కూడా కొన్నది. అది వెంకట్రాజం కట్టనివ్వలేదు. "యూనిఫాం మీదనే రమ్మనుండ్రి మేడం. చీర కట్టుకుంటె స్వీపర్ అని ఎవలకు తెలుస్తది? ఫొటో పేపర్ల ఏస్తరు," అన్నాడు. ర్యాంపు కోసం పదకొండు రోజులు కూర్చున్న మనిషి చీర కోసం పదకొండు నిమిషాలు కూడా కొట్లాడలేదు. కార్యక్రమం ఆగిపోతుందేమోనని భయపడింది. ఫ్లెక్సీ కొట్టే భానుచందర్‌కు తనే మాటలు రాసి పంపింది: ‘తుడిచిన చేతులే చదివించిన చేతులు’. రాసి, తనే రెండుసార్లు చదువుకొని మురిసిపోయింది.

ఆ రోజు ఆడిటోరియం నిండింది. సింధు నాలుగో వరసలో స్నేహితురాళ్ల మధ్య ఏమీ తెలియకుండా కూర్చుంది. ఆరుగురు తల్లులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, నవ్వారు. ఒకామె మైకు లాక్కొని నాలుగు మాటలు కూడా చెప్పింది. ఆ ఆరుగురి సంతోషం నిజమే, దాన్ని కాదనలేం. చివర్న తెర లాగారు. చీపురు పట్టుకున్న సమ్మమ్మ ఫొటో, ఏడడుగుల ఎత్తు. వినోద మేడం మైకులో, "బీఎస్సీ మూడో సంవత్సరం సింధు, ఆమె తల్లి సమ్మమ్మ," అని పిలిచింది.

సింధు లేచి నిలబడింది. ఫ్లెక్సీ వైపు చూడలేదు, జనం వైపు చూడలేదు. స్టేజి మెట్ల దగ్గర నీలం కోటులో నిలబడ్డ తల్లిని చూసింది, ఏం చెయ్యమంటావ్ అన్నట్టు. సమ్మమ్మ తల కొద్దిగా అడ్డంగా ఊగింది. అది వినోద మేడం చూసింది, సిగ్గనుకుంది, దిగివచ్చి ఇద్దరినీ చెయ్యి పట్టి స్టేజి ఎక్కించింది. ఫొటోగ్రాఫరేమో, "దగ్గరికి జరుగుండ్రి, ఇంకా దగ్గరికి," అంటున్నాడు. కోటు మీద శాలువా కప్పారు. అంతటితో వినోద మేడం ఊరుకున్నదా? లేదు. మైకు పట్టుకొని, "నా పేరు వినోద. మా నాయిన సారంగపాణి, జంపఖానాలు నేసేటాయన," అని మొదలుపెట్టి, గేటు దగ్గరి సంగతంతా చెప్పి, వెక్కి వెక్కి ఏడ్చింది. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ తల్లీ బిడ్డా ఆమెకు చెరో పక్క కదలకుండా నిలబడ్డారు. ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్ర పట్టింది, ఎన్నో ఏళ్ల తర్వాత.

తర్వాత ఎవరూ సింధును ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే వినోద మేడం వాళ్ల సంగతి చూసేది. అందరూ మంచిగానే ఉన్నారు. "మీ అమ్మ గ్రేట్ సింధూ," అన్నారు. ఆ తర్వాత ఒకరోజు, "బాత్రూంల నీళ్లు వస్తలేవే, మీ అమ్మకు జర చెప్పవా?" అన్నారు. ఇంకోరోజు, "మన క్లాసు రోజు ఊడ్వుమని చెప్పు ప్లీజ్, నువు చెప్తె వింటది గద," అన్నారు. ఒక లెక్చరరైతే బోర్డు తుడిచే గుడ్డ కావాలని క్లాసు మధ్యలో సింధునే పంపాడు. ఎవరి మనసులోనూ విషం లేదు. విషం ఉన్నా బాగుండేది, దాని మీద కంప్లయింట్ రాయొచ్చు.

ఏప్రిల్ మొదటి వారంలో కిటికీ గట్టు మీద సీసా కనిపించలేదు. మూడు రోజులు చూసింది వినోద మేడం. నాలుగో రోజు సమ్మమ్మ గది ఊడుస్తుంటే, "సింధు వస్తలేదేంది?" అని అడిగింది.

"ఇగ రాదు మేడం."

"రాకపోవుడేంది! వచ్చే నెల పరీక్షలు. ఏమైంది?"

సమ్మమ్మ చీపురు గోడకు ఆనించింది. రెండేళ్లలో ఆమె అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. "నాకు జరమొచ్చి ఒకరోజు రాలే మేడం. క్లాసుల ఎవలో పిల్లకు వాంతయిందట. మీ అమ్మను పిలువవా అన్నరట దీన్ని. అమ్మ రాలేదు అన్నదట. మరెట్ల అని అందరు దీని దిక్కే చూసిన్రట. ఇది పొయి బకెట్ దెచ్చింది, కడిగింది, తుడిచింది. బకెట్ జాగల పెట్టి, సంచి దీస్కొని ఇంటికొచ్చింది. గంతే."

వినోద మేడం కుర్చీలోంచి లేచింది. "నీ పని అంటే ఆమెకు షరం గద సమ్మమ్మా, అది పోగొడదామనే నేను..." అంటూ ఆగిపోయింది.

"దానికి షరమా?" సమ్మమ్మ మొదటిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. "దానికి షరం లేదు మేడం. సీటొచ్చిన దినం నుంచి ఒక్కటే పోరు, అమ్మా నిన్ను అందరి ముంగట పిలుస్త, నీ పక్కన కూసోని తింట అని. నేనే వద్దన్న. ఒట్టు ఏపిచ్చుకున్న. ఊర్లె అది సమ్మమ్మ బిడ్డ. తండ్రి లేని పిల్ల. కూలోల్ల పిల్ల. ఈడికొస్తె మాత్రం వట్టి సింధు. దానెనుక ఏం లేదు. మూడేండ్లు వట్టి సింధు లెక్క తిరగనియ్యాలె అనుకున్న. కిటికీల కెల్లి చూసుకుంట ఉండేదాన్ని, నా బిడ్డ ఎవలకు ఏమీ కాని పిల్ల లెక్క నవ్వుతాంటె మంచిగనిపిచ్చేది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన గద మేడం. దవాఖానకు పోవాలె అన్న."

ఆ మాటకు వినోద మేడం కుర్చీలో కూలబడింది. యాకయ్య టీ పట్టుకొచ్చి, ముఖం చూసి, టేబులు మీద పెట్టి పోయాడు. అది చల్లారిపోయింది.

ఆ తర్వాతి పది రోజులు ఆమె పడ్డ పాట్లు చెప్పాలంటే చాలా ఉంది. సింధుకు హాజరు తగ్గింది. తగ్గినా పరీక్ష రాయనిచ్చే మినహాయింపు ఒకటుంది, దానికి ముగ్గురి సంతకాలు కావాలి. ఇద్దరి దగ్గర బతిమాలింది. వెంకట్రాజం దగ్గర మాత్రం గొంతెత్తింది. ఆయన వార్షిక నివేదిక అట్ట మీద సమ్మమ్మ శాలువా ఫొటో వేస్తానంటే, "ఆ ఫొటో ఏస్తె నేను ఈ కుర్చీల ఉండ," అంది. ఆయన ఆమె ముఖం చూసి ఫొటో తీయించేశాడు, మినహాయింపు మీద సంతకమూ పెట్టాడు. ఇక మిగిలింది పరీక్ష ఫారం మీద సింధు సంతకం ఒక్కటే. శుక్రవారం సాయంత్రం అయిదింటికి కింద పరీక్షల విభాగం కౌంటర్ మూస్తారు. అది దాటితే ఏడాది పోయినట్టే, ఏడాది పోయిన ఆడపిల్ల మళ్లీ తిరిగొచ్చిన సందర్భాలు తన సర్వీసులో ఎన్ని ఉన్నాయో ఆమెకు తెలుసు.

సింధు వరంగల్ చౌరస్తా దగ్గర ఒక బట్టల షోరూంలో చేరిందని సమ్మమ్మ చెప్పింది. ఫోన్ ఎత్తడం లేదు. బుధవారం మధ్యాహ్నం ఫారాన్ని ఒక బ్రౌన్ కవర్లో పెట్టుకొని ఆటో ఎక్కింది వినోద మేడం. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. తప్పయింది బిడ్డా అనాలి. చేతులు పట్టుకోవాలి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను అనుకుంది.

పై అంతస్తులో దుప్పట్ల విభాగంలో, మెరూన్ రంగు చీరల్లో నలుగురు అమ్మాయిలు వరసగా నిలబడి ఉన్నారు. మూడో పిల్ల సింధు. చూసింది. చూసి, చేతిలోని దుప్పటి మడత పెడుతూనే ఉంది. పక్కనున్న పిల్ల అడిగింది, "ఎవలే ఆ మేడం? నిన్నే చూస్తాంది. ఎర్కనా?"

"మా ఇంటి దిక్కుంటరు," అంది సింధు.

వినోద మేడం అడుగు అక్కడే ఆగింది. ఆ పిల్ల స్టేజి మీద ఆ మాటలు విన్నది, మరిచిపోలేదు. కోపంతో అన్నదో, తప్పించుకోవడానికి అన్నదో ఆమె ముఖంలో తెలియలేదు. అనడానికి కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఒకసారి నలుగురి ముందు ఈ పిల్లను నిలబెట్టింది, రెండోసారి నిలబెట్టగలదా? నాలుగడుగుల దూరంలో సైకిల్ పట్టుకొని నిలబడ్డ మనిషికి ఆ క్షణంలో ఎట్లా ఉండి ఉంటుందో ఆమెకు యాభై నాలుగేళ్ల వయసులో, దుప్పట్ల మధ్య, మొదటిసారి తెలిసింది. మైకు ముందు ఏడ్చినప్పుడు తెలిసిందనుకుంది కానీ, అప్పుడు తెలియలేదు.

ముఖం మార్చలేదు. దగ్గరికి వెళ్లి కవర్ చాచింది. "అమ్మా, మీ అమ్మ గీ కవర్ ఇయ్యమన్నది," అంది.

సింధు తీసుకుంది. "సరే మేడం," అంది. అచ్చం తల్లి గొంతే. వినోద మేడం ఒక దుప్పటి చూపించమంది, రంగు కూడా చూడకుండా కొన్నది, మెట్లు దిగింది. రోడ్డు మీద జనం మధ్య నిలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆటోవాళ్లు ఇద్దరు వచ్చి ఎక్కడికమ్మా అని అడిగి, జవాబు రాక పోయారు.

గురువారం సింధు రాలేదు. శుక్రవారం పొద్దుటి నుంచి ఆమె కిటికీ దగ్గరే ఉంది. నర్సంపేట నుంచి వచ్చే ప్రతి బస్సూ షెడ్డు దగ్గర ఆగడం, ఎవరెవరో దిగడం చూసింది. మూడు దాటింది. నాలుగు దాటింది. యాకయ్య రెండుసార్లు కౌంటర్ దాకా వెళ్లి, ఇంకా మూయలేదు మేడం అని చెప్పి వచ్చాడు. అయిదుకు పావుగంట ఉందనగా తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. సమ్మమ్మ. చేతిలో అదే బ్రౌన్ కవర్.

"బిడ్డ ఫారం ఇంటికి దెచ్చింది మేడం. దేవుని ఫొటో ఎన్క పెట్టింది. సంతకం పెట్టవే అంటె పెట్ట అన్నది. ఏడ్సిన. తిట్టిన. కాళ్లు మొక్కుత బిడ్డా అన్న. నాతోని కాదమ్మా, మళ్ల ఆడికి నేను పోలేను అన్నది." కవర్లోంచి ఫారం తీసి టేబులు మీద మడత విప్పింది. బొటనవేలు కొంగుకు తుడుచుకుంది. "నేను దాని తల్లిని గద మేడం. నేను ఏలిముద్ర ఏస్తె నడ్వదా?"

వినోద మేడం ఫారాన్ని తన వైపు జరుపుకుంది. "నడువదు సమ్మమ్మా. సింధు సంతకమే కావాలె. ఆమెకు ఇష్టమని ఆమెనే పెట్టాలె. ఆమె బదులు ఇంకొకలం పెట్టద్దు గద."

సమ్మమ్మ అడిగిన మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, తెలియక అడిగింది. "మరి ఆ దినం స్టేజి మీదికి పిలిచినప్పుడు దాని సంతకం ఎవలు అడుగలేదు గద మేడం? నేను మీ ఇష్టం అంటె నడిచింది గద. గట్లనే గిప్పుడు గూడ నడుస్తదేమో అనుకున్న."

కింద కౌంటర్ మూసిన చప్పుడు మెట్ల మీదుగా పైకి వినిపించింది. సమ్మమ్మ ఫారాన్ని పాత మడతల్లోనే మడిచి, కవర్లో పెట్టి, కవర్‌ను బీరువా మీద ఉంచింది.

"పోనియ్యుండ్రి మేడం," అంది. మూలనున్న చీపురు అందుకొని, వంగి, గది ఊడ్వడం మొదలుపెట్టింది. టేబులు దాకా వచ్చి ఆగింది.

"కాళ్లు జర మీదికి పెట్టుకోండ్రి మేడం."

వినోద మేడం కాళ్లు పైకి పెట్టుకుంది.